పౌర చర్చల్లో కూర్చుంటే 'యూరోపియన్' అన్న భావన పెరుగుతుందా, సొంత దేశమే ఇంకా గట్టిపడుతుందా?

శ్రావణి, స్టుట్‌గార్ట్

నమస్తే అండీ. పోయిన ఏడాది ఇండియన్ పాస్‌పోర్ట్ అప్పగించి జర్మన్ పౌరసత్వం తీసుకున్నాను. అప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

నాతో ఆసుపత్రి వార్డులో పనిచేసే ఒకావిడ, జర్మనీలోనే పుట్టి పెరిగినావిడ, 'యూరప్ భవిష్యత్తుపై సదస్సు'లో పాల్గొన్నారు. 2021-22లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) తన 27 దేశాల నుంచి లాటరీ పద్ధతిలో 800 మందిని ఎంచుకుని, 200 మంది చొప్పున నాలుగు బృందాలు చేసింది. మూడో వంతు మంది 16-25 ఏళ్ళ వాళ్ళే. ఈవిడది వలసల గురించి చర్చించిన బృందం. స్ట్రాస్‌బర్గ్‌లో మొదలై, మధ్యలో ఆన్‌లైన్‌లో సాగి, మాస్ట్రిక్ట్‌లో ముగిసింది. 24 భాషలకు ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారు కాబట్టి ఎవరి భాషలో వాళ్ళే మాట్లాడారట.

శరణార్థి మొదట కాలుపెట్టిన దేశమే బాధ్యత మోయాలనే 'డబ్లిన్' నిబంధనల గురించి గ్రీసు, ఇటలీ వాళ్ళు ఎదురుగా కూర్చుని అడుగుతుంటే, జీవితంలో మొదటిసారి జర్మనీ తరఫున జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందని ఆవిడ అన్నారు. చివరికి ఆ బృందం, ఆ నిబంధనలు తీసేసి శరణార్థులను అన్ని దేశాలూ న్యాయంగా పంచుకునేలా ఒప్పందం చేయాలని సిఫారసు చేసింది. తిరిగొచ్చాక ఆవిడకి తాను ఇంకాస్త జర్మన్ అయినట్టూ, ఇంకాస్త యూరోపియన్ అయినట్టూ అనిపించిందట. రెండూ కలిసి ఎలా పెరుగుతాయి? ఇలాంటివి దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి.

కిరణ్, డబ్లిన్

శ్రావణిగారూ, ఒకటి పెరిగితే రెండోది తరగాలని ఏమీ లేదండీ. ఈయూ జరిపించే యూరోబారోమీటర్ సర్వేలో "కేవలం మీ దేశస్థులా, దేశస్థులూ యూరోపియనూ రెండూనా, ముందు యూరోపియనా, కేవలం యూరోపియనా" అని అడుగుతారు. ఎక్కువమంది చెప్పేది రెండోదే.

నేను ఐర్లాండ్ సంగతి చెప్తాను. 2016లో ఇక్కడ ఓటర్లలోంచి 99 మందిని ఎంచుకుని, సుప్రీంకోర్టు జడ్జి మేరీ లఫోయ్‌ని అధ్యక్షురాలిగా పెట్టి సిటిజన్స్ అసెంబ్లీ నడిపారు. అబార్షన్ నిషేధం మీద ఐదు వారాంతాలు కూర్చున్నారు. డాక్టర్లను, లాయర్లను విన్నారు. తమకు జరిగింది చెప్పుకున్న స్త్రీలనూ విన్నారు. 2012లో గాల్వేలో మన పక్క రాష్ట్రం కర్ణాటకకు చెందిన సవిత హాలప్పనవర్, అబార్షన్ అడిగినా ఆసుపత్రిలో చేయకపోగా, చనిపోయినప్పటినుంచీ రగులుతున్న విషయం అది. 2018 మే 25న రెఫరెండంలో 66.4 శాతం మంది నిషేధం ఎత్తేయడానికి ఓటేశారు.

ఐరిష్ అంటే కేథలిక్కే అన్న పాత లెక్క ఆ ఓటుతో మారింది. గదిలో మొదలైన మాట దేశమంతా ఓటుగా మారింది కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

ఇంకో సంగతి. 2022లో జీవవైవిధ్యం మీద పెట్టిన అసెంబ్లీకి ఓటర్ల లిస్టు చూడలేదు, ఇళ్ళకే ఉత్తరాలు పంపారు. అంటే ఇక్కడి పౌరసత్వం లేని మనవాళ్ళకీ కూర్చునే అవకాశం వచ్చింది. అది నాకు చాలా పెద్ద విషయం.

మాధవి, బ్రస్సెల్స్

కిరణ్‌గారు చెప్పిన ఆ రెండో అడుగే, అంటే గదిలో మాట దేశమంతా ఓటుగా మారడమే, ఈయూలో పడలేదు. 2022 మే 9న సదస్సు 49 ప్రతిపాదనలు, 326 చర్యలు అందజేసింది. సరిగ్గా అదే రోజు 13 దేశాలు తొందరపడి ఈయూ మూల ఒప్పందాలు మార్చొద్దని పత్రం ఇచ్చాయి. జూన్‌లో యూరప్ పార్లమెంటు ఒప్పందాల సవరణకు కన్వెన్షన్ (ప్రత్యేక సభ) పిలవమని తీర్మానించినా దేశాధినేతలు పిలవలేదు. 45 కోట్లమందిలో ఆ 800 మంది సంగతి ఎంతమందికి తెలుసు? మీ కొలీగ్‌లో వచ్చిన మార్పు నిజమే కావచ్చు, కానీ ఆవిడ వీధిలో వాళ్ళకది ఎలా అందుతుంది?

శ్రావణి, స్టుట్‌గార్ట్

మాధవిగారూ, మీ మాట కాదనలేను. అయినా నాకు ఇప్పుడు ఒకటి స్పష్టంగా తెలుస్తోంది. ఆవిడను యూరోపియన్ చేసింది జెండా కాదు, గ్రీసు మనిషికి జవాబు చెప్పాల్సి రావడం. నేను పౌరసత్వ పరీక్షకి ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టాను. నువ్వేమంటావని నన్ను ఎవరూ అడగలేదు. కిరణ్‌గారూ, డబ్లిన్‌లో ఆ ఉత్తరం అందుకున్న తెలుగువాళ్ళు మీకు ఎవరైనా తెలుసా? తెలిస్తే వాళ్ళతో మాట్లాడాలని ఉంది.