పదకొండేళ్ల గంజాయి తర్వాత నా తప్పులు నాకే కనబడటం లేదు, ఇది తిరిగొస్తుందా?

శుభలేఖలవాడు, గుంటూరు:
నాకు 29. అరండల్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్ని. ఇంటర్ పరీక్షలైన వేసవిలో మొదలుపెట్టాను. చివరి ఐదేళ్లు రోజూ తాగాను, షాపు కట్టేశాక రెండు సిగరెట్లు. మానేసి నేటికి 19 రోజులు.

నా బాధ మతిమరుపు కాదు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, షార్ట్‌కట్లు అన్నీ వేళ్లకు గుర్తున్నాయి, స్పీడూ తగ్గలేదు. కానీ ఒకప్పుడు ప్రూఫ్ కాగితం చేతికి రాగానే తప్పున్న చోట కన్ను దానంతట అదే ఆగేది. ‘చి.ల.సౌ.’లో చుక్క పోయినా దొరికేది. ఇప్పుడు ఆగట్లేదు. మొన్న ఒక పెళ్లి కార్డు, ముహూర్తం తెల్లవారుజామున 3.42. నేను ‘సాయంత్రం’ అని కొట్టాను. రెండుసార్లు చదివాను కూడా. 600 కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి మేనమామ పట్టుకున్నారు. సగం డబ్బు నా జీతంలో కోశారు, అది సరే. రెండుసార్లు చదివినప్పుడూ అంతా కరెక్టుగా ఉందని అంత ధీమాగా ఎలా అనుకున్నానా అని టెన్షన్.

ఇంట్లోనూ అంతే. "ఎందుకలా అరుస్తావు?" అంటుంది మా ఆవిడ. అరిచానని నాకు తెలియనే తెలియదు.

గంజాయి తాగితే మెదడులో కనెక్షన్లు పెరుగుతాయని ఫ్రెండ్ ఒక వీడియో పంపాడు. మరి నాకేంటి ఇలా?

సైకియాట్రీ పీజీ, విశాఖ:
మీరు చెప్పినదాన్ని ల్యాబ్‌లో కొలిచి చూశారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏళ్లుగా వాడుతున్న 16 మందికి, వాడని 16 మందికి స్కానర్‌లో బటన్ నొక్కే పరీక్ష పెట్టారు. కొన్ని చోట్ల నొక్కకుండా ఆగాలి. ఆగడంలో రెండు గుంపులూ దాదాపు సమానమే. పొరపాటున నొక్కాక ‘అయ్యో, తప్పు నొక్కాను’ అని గుర్తించడంలో మాత్రం వాడేవాళ్లు వెనకబడ్డారు. ఆ సమయంలో మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్, కుడి ఇన్సులా అనే భాగాలు వాళ్లలో తక్కువగా పనిచేశాయి. ఆ పెళ్లికూతురి మేనమామగారి కథ చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ వీడియో సగం నిజం. 2014లో డల్లాస్ పరిశోధకులు 48 మంది వాడకందారులను, 62 మంది మామూలువాళ్లను పోల్చారు. వాడేవాళ్లలో కంటి గుంతల పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ భాగం చిన్నగా ఉంది, కనెక్షన్లు ఎక్కువగా ఉన్నాయి. ప్రెస్సులో ఒకడు సెలవు పెడితే మిగతావాళ్లు అటూ ఇటూ పరిగెత్తినట్టు, లోటు పూడ్చుకునే ప్రయత్నం కావచ్చన్నారు. ఎక్కువ ఏళ్లు వాడినవాళ్లలో ఆ కనెక్షన్లూ తగ్గుతూ వచ్చాయి. ఈ ముక్క వీడియోలో ఉండి ఉండదు! అయితే అది ఒక్కసారి తీసిన స్కాన్. గంజాయి వల్లే అలా అయిందా, ముందునుంచే తేడా ఉందా అన్నది దాంతో తేలదు.

మన మెదడు సొంతంగా తయారుచేసుకునే గంజాయి లాంటి పదార్థానికి 1992లో ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు, మన ‘ఆనందం’ నుంచే. మెదడు కణాల మీద అది పట్టుకునే రిసెప్టర్లనే (తాళానికి తాళంకప్పలాంటివి) గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ కూడా పట్టుకుంటుంది. రోజూ వాడితే ఆ రిసెప్టర్లు తగ్గిపోతాయి. మానేసిన దాదాపు నాలుగు వారాలకు చాలా భాగాల్లో మళ్లీ పెరిగినట్టు 2012లో స్కాన్లలో కనిపించింది. రిసెప్టర్లు వచ్చినంత మాత్రాన తప్పులు పట్టే చూపు పూర్తిగా వచ్చినట్టు కాదు, కానీ 19 రోజులకే తేల్చేసుకోకండి. ఇప్పుడు నిద్ర కూడా సరిగా ఉండదు కదా, దాని వాటా దానికుంది.

ఒక పని చేయండి. ఆ రోజు మీరు గమనించిన మీ తప్పులు రాత్రి రాసుకోండి. మీ ఆవిడను విడిగా రాయమనండి. వారానికోసారి పోల్చండి.

భోళాశంకర్:
శివుడికి ఇష్టమైన మొక్క గురూ. మనుషులు తప్పులు చేయరా ఏంటి.

మానేసి ఏడాదిన్నర, అనంతపురం:
భోళాశంకర్ గారూ, శివుడికి శుభలేఖలు కొట్టే ఉద్యోగం లేదు.

తమ్ముడూ, మొదటి వారం నాకు అన్నం సయించలేదు, ప్రతిదానికీ చిరాకే. తర్వాత కలలు, అబ్బో, సినిమాల్లా. మూడో వారానికి తగ్గాయి. నీలాగే నేనూ అరవలేదనే వాదించేవాణ్ని. ఒకసారి మా అమ్మ ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. నా గొంతు నేనే పోల్చుకోలేకపోయాను. చూపించుకోవడానికి భయమైతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

శుభలేఖలవాడు, గుంటూరు:
డాక్టర్ గారూ, అన్నా, థాంక్స్. ప్రెస్సులో ఇప్పుడు కుర్రాడు పైకి చదువుతుంటే నేను కాగితం మీద వేలు పెట్టి చూస్తున్నాను. స్క్రీన్ మీద ప్రూఫ్ మానేశాను.

రెండు నోట్‌బుక్కులు కొన్నాం. మొదటి రోజు నా పుస్తకంలో 2, ఆవిడ పుస్తకంలో 7. ఆ ఏడింటిలో ఒకటి మాత్రం ఒప్పుకోను, గ్యాస్ నేను కట్టేశాను.