“బూర్తిగ నిచ్చినన్ బెరుగు”: ఇచ్చినా తరగదనా, ఇస్తే పెరుగుతుందనా?

అందరికీ నమస్కారం. భర్తృహరి సుభాషితాల తెలుగు పద్యం ఒకటి సగమే గుర్తుందని, మిగతాది కావాలని మొన్న ఒకరు ఇక్కడ అడిగారు. విద్య అనే ధనం గురించి ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన పద్యం అది.

హర్తకుఁ గాదు గోచర మహర్నిశమున్ సుఖపుష్టి సేయు స
త్కీర్తి ఘటించు విద్య యను దివ్యధనం బఖిలార్థికోటికిం
బూర్తిగ నిచ్చినన్ బెరుగుఁ బోదు యుగాంతపు వేళనైన భూ
భర్తలు తద్ధనాధికుల పట్టున గర్వము మాను టొప్పగున్

నేను మాట్లాడదామనుకున్నది మూడో పాదం మొదట్లో ఉన్న మూడు మాటల గురించి. దీన్ని చాలామంది “ఎంత ఇచ్చినా తరగదు” అని చెప్పి వదిలేస్తారు. పద్యంలో తరగడం అన్న ఊసే లేదు. “ఇచ్చినన్” అంటే ఇక్కడ “ఇస్తే”. ఇస్తే పెరుగుతుంది అంటున్నాడు కవి. సంస్కృత మూలంలోనూ అంతే: “అర్థిభ్యః ప్రతిపాద్యమానమనిశం ప్రాప్నోతి వృద్ధిం పరాం”. అడిగినవాళ్ళకు ఇస్తూ ఉంటే బాగా వృద్ధి పొందుతుంది. తరగకపోవడం వేరు, పెరగడం వేరు. మొదటిది ఊరట, రెండోది చాలా పెద్ద మాట. మూలంలో ఉన్నది “అనిశం”, అంటే ఎప్పుడూ. “పూర్తిగ” అన్నది మన లక్ష్మణకవి చేర్చింది. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా నచ్చిన మాట అదే.

ఇస్తే ఎలా పెరుగుతుంది? చిన్నప్పుడు ఇది మర్యాదకు చెప్పే మాట అనిపించేది. ఇంటర్నెట్‌లో తెలుగు ఎలా నిలబడిందో చూశాక, ఇది ఉన్నదున్నట్టు చెప్పిన మాట అని నమ్ముతున్నాను. తెలుగు లిపిలో టైపు చేసే దారి సరిగ్గా లేని రోజుల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. అదే ఆర్‌టీఎస్. దాన్ని తమ దగ్గరే అట్టిపెట్టుకోలేదు. అదే పద్ధతి తర్వాత ఇంటర్నెట్‌లో తెలుగు టైపు చేసుకునే లేఖినిలోకి వచ్చింది, ఎంతోమంది మొదటి తెలుగు వాక్యం దాంతోనే టైపు చేశారు. తిరుమల కృష్ణదేశికాచారి గారు పోతన2000, వేమన2000 ఖతులు (ఫాంట్లు) చేసి ఉచితంగా ఇచ్చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్కడ ఎవరో తమ ఊరి మీద రెండు లైన్లు రాస్తారు, ఆ మండలం వాళ్ళే ఇంకొకరు వచ్చి చెరువు పేరు కలుపుతారు, మరొకరు గుడి ఫొటో పెడతారు. మొదట రాసినవారికి తమ ఊరి గురించి తెలియని సంగతి తెలుస్తుంది. ఇచ్చినవాడి దగ్గరే పెరగడం అంటే ఇదే కదా!

బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. నాకు తెలిసిన ఇళ్ళలో అది అద్దాల బీరువాలో ఉండేది, అడిగితే తాళంచెవి దొరికేది కాదు. ఇవాళ ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, మాండలిక పదకోశాలు అన్నీ ఒకే పేజీలో వరసగా వస్తాయి. పల్లెలో డిగ్రీ చదివే పిల్లకూ, విశ్వవిద్యాలయంలో ఆచార్యుడికీ ఒకే పేజీ. “అఖిలార్థికోటికిం బూర్తిగ”, అంటే అడిగేవాళ్ళందరికీ పూర్తిగా, అన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ నాకు వచ్చిన పాఠం “అఖిలార్థకోటికిం”. ఏది సరి?

జవాబు: గణాలతో ఇది తేలదండీ. థ అయినా థి అయినా లఘువే. అర్థం చూసుకోవాలి. అర్థకోటి అంటే ధనరాశి, దానికి విద్యను ఇవ్వడం ఏమిటి? మూలంలో “అర్థిభ్యః” అని స్పష్టంగా ఉంది కాబట్టి అర్థికోటి అంటేనే పొసుగుతుంది.

వ్యాఖ్య: ఇదే కవి “విద్య నిగూఢగుప్తమగు విత్తము” అన్నాడు కదా. అక్కడ దాచిపెట్టిన ధనం, ఇక్కడ అందరికీ పూర్తిగా ఇమ్మంటున్నాడు. రెండూ ఎలా కుదురుతాయి?

జవాబు: మంచి ప్రశ్న అన్నా. మొదటి పాదంలో హర్త, రెండో పాదంలో అర్థి ఉన్నారు చూడు. హర్త ఎత్తుకుపోయేవాడు, అర్థి అడిగేవాడు. గుప్తం అన్నది హర్త కంటికి. అర్థికి దాపరికం లేదు. మనవాళ్ళలో కొందరు ఈ తేడా మరిచి, అడిగినవాడికి కూడా తాళపత్రం చూపించకుండా అటక మీదే పెట్టారు. అవి చెదల పాలయ్యాయి. నాకు కడుపు మండే సంగతి ఇది.

వ్యాఖ్య: రెండో పాదంలో యతి తప్పిందా? మొదటి అక్షరం కీ, పదో అక్షరం ది. క, ద లకు యతి ఎక్కడిది?

జవాబు: తప్పలేదమ్మా. “సత్కీర్తి”లో స పై పాదంలో ఉండిపోయింది, రెండో పాదం “త్కీ”తో మొదలవుతుంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి కుదర్చొచ్చు. త్‌కి ద్‌తో, ఈకి ఇతో సరిపోయింది. నువ్వు అడగకపోతే ఇది చాలామంది చూసుకోకుండానే దాటిపోయేవాళ్ళు.

వ్యాఖ్య: అంతా బాగానే ఉంది గానీ, ఇచ్చేది తప్పుల తడక అయితే అదీ పెరుగుతుందిగా? వాట్సాప్‌లో ప్రతి ఆటవెలదికీ కింద వేమన పేరే!

జవాబు: నిజమేనండీ, పెరుగుతుంది. నాకూ ఆ బాధ ఉంది. అయితే ఆ తప్పు పట్టుకునేది కూడా ఇలాంటి చోటే. మకుటం లేని పద్యానికి వేమన పేరు తగిలిస్తే, ఇక్కడ పది నిమిషాల్లో ఎవరో ఒకరు పాత పుస్తకం స్కాన్ తీసి పేజీతో సహా చూపిస్తున్నారు. వికీలో అయితే ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో చరిత్రలో ఉంటుంది, పాత కూర్పుకు వెనక్కి పోవచ్చు. అచ్చులో పడ్డ తప్పుకు మళ్ళీ ముద్రణ దాకా దిక్కు లేదు. అందుకే తప్పు కనిపించినప్పుడు గుంపు వదిలి వెళ్ళిపోకుండా సరిదిద్ది వెళ్ళమని నేను బతిమాలుతుంటాను.

వ్యాఖ్య: మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, డాలస్‌లో. “పట్టున గర్వము” అంటే పట్టుచీర కట్టుకున్న గర్వమా అని అడుగుతోంది. ఏం చెప్పను?

జవాబు: అడిగినందుకు ముందు ఆ అమ్మాయిని మెచ్చుకోండి. చీరల పట్టు అన్నది ఆ మాటకు ఒక అర్థమే. చోటు, విషయం అని కూడా ఉన్నాయి. “తద్ధనాధికుల పట్టున” అంటే ఆ ధనం ఎక్కువగా ఉన్నవారి విషయంలో, వారి ఎడల. తేనెపట్టు, పట్టుదల, ఒక పట్టాన ఒప్పుకోడు, ఇవన్నీ కూడా చెప్పండి. నిఘంటువులో పట్టు దగ్గరికి తనతోనే వెళ్ళమనండి, ఆ పేజీ సరదాగా ఉంటుంది.

ఇంకొక్కటి. ఈ సుభాషితాలను ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా తెనిగించారు. ఈ శ్లోకానికి వాళ్ళ పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. వాళ్ళూ “పూర్తిగ” అన్నారేమో చూడాలని ఉంది.