సర్కారులు కుంఫిణీకి దక్కింది 1765 ఫర్మానాతోనా, 1766 ఒప్పందంతోనా?

సత్యనారాయణపురం చదువరి:
విజయవాడలోని ఒక కళాశాల కోసం మేము కొందరం ఈ ప్రాంత చరిత్ర కాలపట్టిక తయారుచేస్తున్నాము. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా తీరం వెంబడి ఉన్న అయిదు పరగణాలు, అంటే ఉత్తర సర్కారులు, ఈస్టిండియా కుంఫిణీ (కంపెనీ) చేతికి వచ్చిన సంవత్సరం ఏదన్న దగ్గర మాలో మాకే పొసగలేదు. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం అలహాబాదులో బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీతో (పన్ను వసూలు హక్కుతో) పాటు సర్కారులను కూడా ఫర్మానా (రాజాజ్ఞ) ద్వారా కుంఫిణీకి రాసిచ్చాడు కనుక 1765 అనే వేయాలని కొందరి పట్టుదల. నా మట్టుకు అది చిత్తుకాగితం. 1758లో వజీరు ఇమాదుల్ ముల్క్ బెడద పడలేక ఢిల్లీ విడిచి, మరుసటి ఏడు తండ్రి హత్యకు గురైతే బీహారులో ఉండగానే చక్రవర్తినని ప్రకటించుకుని, 1764 బక్సర్ యుద్ధం తరువాత ఆంగ్లేయుల నీడన బతుకుతున్నవాడు ఆ సంతకం చేశాడు. సొంత రాజధానిలో కాలు పెట్టలేనివాడు కృష్ణా తీరాన్ని ఎవరికి ధారపోయగలడు? 1766 నవంబరు 12న హైదరాబాదు ప్రభువు నిజాం అలీఖాన్‌తో కుదిరిన ఒప్పందమే అసలు దస్తావేజని నా వాదం.

ఇబ్రహీంపట్నం నుంచి:
చదువరి గారూ, మీ తర్కం షా ఆలంతో ఆగదు, నిజాంను కూడా ముంచుతుంది. నిజాం చేతిలోని దక్కను సుబేదారీకి (మొగలు రాష్ట్రాధిపత్యానికి) కాగితం మీద ఉన్న ఆధారమంతా మొగలు చక్రవర్తి పేరే. పైగా నిజాం అలీ 1762లో అన్న సలాబత్ జంగ్‌ను దించి గద్దెనెక్కినవాడు. ఆ మరుసటి ఏడాది పారిస్ సంధిలో ఆంగ్లేయులూ ఫ్రెంచివారూ సలాబత్ జంగే న్యాయమైన సుబేదారని రాసుకున్నారు. అప్పటికి ఆయన చెరలో ఉన్నాడన్నది వేరే సంగతి! ఆశ్రయం ఇచ్చినవారికి రాసిచ్చిన సంతకం చెల్లదంటే, బెదిరింపు నడుమ చేసిన సంతకం మాత్రం ఎలా చెల్లుతుంది? నిజాంతో ఒప్పందానికి ముందే, 1766లోనే, ఆంగ్ల సేనాని కాలియాడ్ సేన కొండపల్లి కోటను పట్టుకుంది. ఆ కొండెక్కి మూడంతస్తుల రాతి బురుజు దగ్గర నిలబడి చూసినవారికి, ఈ కోట చేజారిన ప్రభువు హైదరాబాదులో ఎంత స్వేచ్ఛగా సంతకం చేసి ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు.

సత్యనారాయణపురం చదువరి:
బలవంతం రెండు చోట్లా ఉంది, కాదనను. కానీ డబ్బు లెక్క చూడండి. బెంగాలు దివానీకి చక్రవర్తికి ఏటా 26 లక్షల రూపాయలు ఇస్తామన్న కుంఫిణీ, సర్కారులను మాత్రం ఆయన దగ్గర ఇనాముగా పుచ్చుకుంది. ఉచితంగా చేతికొచ్చిన నేలకు మరుసటి ఏడే నిజాంకు అయిదు సర్కారుల మీద ఏటా 9 లక్షలు కట్టడానికి ఎందుకు ఒప్పుకున్నట్టు? ఫర్మానా చాలుననుకుంటే మద్రాసు దొరలు అంత దానకర్ణులేమీ కారు. నిజాం కర్ణాటకం (ఆర్కాటు నవాబు సీమ) మీద పడతాడన్న భయమే వారిని హైదరాబాదు దాకా నడిపించింది.

బ్రాడీపేట, గుంటూరు:
మీ ఇద్దరి తేదీలూ మా ఊరికి వర్తించవు. గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అందుకే శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులు ఒక దారిన పోగా, గుంటూరును ఆయన జీవితకాలం వరకు మినహాయించారు. 1782లో ఆయన పోయిన తరువాత కూడా తకరారు సాగి, 1788లో గాని గుంటూరు కుంఫిణీ పాలనలోకి రాలేదు. అదే 1788లో ఢిల్లీలో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ షా ఆలం కళ్లు తీయించాడు. అయిదు సర్కారులను ఒక్క సంతకంతో ఇచ్చేసిన చక్రవర్తికి చివరి సర్కారు చేతులు మారే నాటికి చూపే లేదు.

ఇబ్రహీంపట్నం నుంచి:
గుంటూరు సంగతిలో బ్రాడీపేట వారితో నాకు పేచీ లేదు. అయితే చదువరి గారు 1766 దగ్గరే ఆగిపోయారు. మైసూరు హైదరలీతో చేయి కలిపి ఆంగ్లేయుల మీదికి వెళ్లి, అది బెడిసికొట్టాక 1768లో నిజాం రెండవ ఒప్పందం చేసుకున్నాడు. అందులో షా ఆలం దానం చెల్లుతుందని ఆయనే ఒప్పుకుని, సర్కారుల మీద హక్కు వదులుకుని, స్నేహానికి గుర్తుగా తగ్గించిన సొమ్ము పుచ్చుకున్నాడు. అంటే మీరు అసలు దస్తావేజు అంటున్న మనిషే మీరు చిత్తుకాగితం అంటున్నదాని మీద సాక్షి సంతకం పెట్టాడు.

కుంఫిణీ తరఫున ఫర్మానా పుచ్చుకున్న రాబర్ట్ క్లైవుకు ఆ కాగితం ఎందుకు కావలసి వచ్చిందో కూడా ఆలోచించాలి. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులనే ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. 1758లో చందుర్తి యుద్ధంలో ఆంగ్లేయుల చేతిలో ఓడి, 1759లో మచిలీపట్నం కోల్పోయాక ఫ్రెంచివారు పోయినా, వారికి సుబేదారు ఇచ్చిన పట్టా అన్న మాట మిగిలింది. సుబేదారు మాటను కొట్టివేయగల సంతకం లోకంలో ఒక్కటే ఉంది, ఆ సంతకం చేయవలసినవాడు అలహాబాదులో తమ ఆశ్రయంలోనే ఉన్నాడు. క్లైవు భోజనాల బల్ల మీద కుర్చీ వేసి దాన్నే సింహాసనంగా అమర్చారని చెబుతారు.

సత్యనారాయణపురం చదువరి:
1768 సంగతి బలమైనదే, కానీ అది నా వైపే మొగ్గుతుందని నేనంటాను. నిజాం ఒప్పుకుంటే తప్ప చెల్లుబాటు కాని ఫర్మానాకు సొంత బలం ఏముంది? ఆ కాగితం మీద కుంఫిణీకి ఉన్న భక్తి కూడా తెలిసిందే. 1772లో షా ఆలం మరాఠాల అండతో ఢిల్లీ చేరగానే 26 లక్షలు ఆపేశారు, దివానీని మాత్రం అట్టే పెట్టుకున్నారు. కాలపట్టికలో 1765ను “చక్రవర్తి ఫర్మానా” అనీ, 1766ను “సర్కారుల స్వాధీనం” అనీ వేరువేరు వరుసల్లో వేస్తాను. రెండింటినీ కలిపి “1765లో సర్కారులు దక్కాయి” అని మాత్రం రాయను.

బ్రాడీపేట, గుంటూరు:
వేయండి. 1788 కింద గుంటూరుకు విడిగా ఒక వరుస పెట్టండి, 1823ను కూడా వదలకండి. సర్కారుల మీద నిజాంకు మిగిలిన హక్కును కుంఫిణీ ఏకమొత్తంగా సొమ్మిచ్చి కొనుక్కున్నది ఆ ఏడాదే. ఇబ్రహీంపట్నం వారు దానికేమంటారో వినాలని ఉంది: 1768లోనే నిజాం అంతా వదులుకున్నాడంటే, 55 ఏళ్ల తరువాత కుంఫిణీ కొన్నదేమిటి?