ఈ ముసుగు హీరోకి అసలు కోపం ఎందుకొచ్చిందో ఎవరికైనా అర్థమైందా?

పెన్నాగట్టు (నెల్లూరు)
నిన్న ఫస్ట్ షో చూసొచ్చాను. ఇంకా ఆడుతోంది కాబట్టి పేరు రాయను. ముసుగు సినిమా అంటే ఈ వారం ఎవరికైనా తెలిసిపోతుంది. కథ మాత్రం దాచను. చూద్దామనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోండి.

మొదటి ఇరవై నిమిషాలు నిజంగా బాగుంది. కల్తీ మందులు అమ్మేవాణ్ని వాడి గోడౌన్‌లోనే కుర్చీకి కట్టేసి, వాడి సిరప్పు వాడి చేతే తాగిస్తాడు. నా పక్క సీట్లో పెద్దాయన "అట్టా పెట్టాల" అని తొడ చరిచాడు. సరే, ఈ మనిషికి ఏం జరిగుంటుందా అని నేనూ ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నా. ఇంటర్వెల్ అయింది. రెండో హత్య అయింది, మూడోది కూడా అయింది. రెండు గంటలు గడిచాక చెప్పారు: ఎప్పుడో రైల్లో ఒక పాప ఇతనికి బఠానీలు పెట్టిందట, ఆ పాప తర్వాత ఆ సిరప్పు తాగి చనిపోయిందట. పాప పేరు కూడా ఇతను పేపర్లో చూసే తెలుసుకుంటాడు! బాధ ఉంటుంది, కాదనను. కానీ ఉద్యోగం, పెళ్లి కుదిరిన పిల్ల, కన్నతల్లి, అందర్నీ వదిలేసి కత్తి పట్టేంత బాధ నాకైతే తెర మీద కనపడలేదు.

ఇంకోటి. మెడలో నల్లదారానికి ఒక తాళంచెవి కట్టుకుని తిరుగుతుంటాడు. మూడుసార్లు క్లోజప్ వేశారు. అదేందో ఎవరైనా చెప్పండి, రాత్రి నిద్ర పట్టలేదు.

కావలి_కుర్రోడు
రైలు సీన్ వచ్చినప్పుడు నేను పాప్‌కార్న్ లైన్లో ఉన్నానన్నా. తిరిగొచ్చేసరికి ఫైట్ నడుస్తోంది. కథ ఎక్కడా తెగినట్టే అనిపించలేదు. తాళంచెవి సంగతి నాకూ తెలియదు.

ఒంగోలు_బాల్కనీ
ఈ కథలు మనకు కొత్త కాదు. 1996లో భారతీయుడు వచ్చింది. ఒళ్లు కాలిన కూతురు ఆసుపత్రిలో ఉంటే ప్రతి బల్ల దగ్గరా లంచం అడుగుతారు. ఆ తండ్రి ఇవ్వనంటాడు. పిల్ల పోతుంది. తన పట్టుదల వల్లే పోయిందా అన్న ముల్లు కూడా ఆ ముసలాయనలో ఉంటుంది, అందుకే ఆ కోపానికి అంత బరువు. 2003లో ఠాగూర్‌లో నాసిరకం బిల్డింగు కూలి భార్యాబిడ్డలు పోతారు. 2005లో అపరిచితుడు ఇంకా చిన్న సంగతి పట్టుకున్నాడు: వాన నీళ్లలో తెగిపడిన కరెంటు తీగ, చెల్లెలు. ఎవడో ఒకడు తన పని తాను చేసుంటే బతికేది. అంతే, "పోనీలే" అనే ప్రతివాడి మీదా అతనికి పగ. వాన పడితే మా వీధి కరెంటు స్తంభం దగ్గరికి ఇప్పటికీ మా ఆవిడ పిల్లల్ని పోనివ్వదు. కారణం అంటే అట్టా మనింట్లోకి రావాలి.

అలాగని ప్రతిసారీ చెల్లెల్నో భార్యనో చంపమని కాదు నేననేది. అదీ విసుగొచ్చింది. ఆడమనిషిని చంపితే గానీ హీరోకి కోపం రాదా?

వేదాయపాళెం_ఫ్యాన్
మీరంతా ఎక్కువ ఆలోచిస్తున్నారు. టికెట్టు కొనేది ఫైట్ల కోసం. ఇంటర్వెల్ బ్లాకుకి థియేటర్ ఊగిపోయింది. కారణం కావాలంటే కోర్టుకెళ్లండి బాసూ.

పెన్నాగట్టు (నెల్లూరు)
తమ్ముడూ, ఊగింది నిజమే, నేనూ ఈల వేశా. మరి క్లైమాక్స్‌కి ఎందుకు ఊగలేదు? ఫైటు దానికంటే పెద్దదే కదా. నా ముందు వరుసలో ఇద్దరు ఫోన్లు తీసి రీల్స్ చూసుకుంటున్నారు.

చీమకుర్తి_రాయి
నేను క్వారీలో పనిచేస్తా. రెండో హత్య క్వారీలోనే కాబట్టి ఆశగా చూశా. ఓనర్ని పైనుంచి తోసేస్తాడు, "వందమంది కూలీల ఉసురు" అని డైలాగు. ఆ వందమందిలో ఒక్కడి మొహం చూపించలేదు సార్. అందరూ వెనక లైన్లో నిలబడి చప్పట్లు కొట్టారు. నల్ల గెలాక్సీ రాయి మా ఊరిది, ఎక్కడెక్కడి దేశాలకో పోతుంది. దాన్ని కోసే దుమ్ము మాత్రం ఇక్కడే ఉంటుంది. సిలికోసిస్ అంటే ఆ రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు, అది వచ్చినవాడి దగ్గు మీరు విన్నారో లేదో. పొడి దగ్గు, ఆగదు, మంచం మీద వెల్లకిలా పడుకోలేడు, గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తాడు. హీరో పక్కింట్లో అట్టాంటి దగ్గు రెండు రాత్రులు వినిపించి, మూడో రాత్రి ఆగిపోయిందని చూపిస్తే చాలు. ఫ్లాష్‌బ్యాకు ఖర్చు కూడా మిగిలేది. పైగా సినిమాలో ఆ కూలీలు డ్యూటీకి హెల్మెట్ లేకుండా చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తారు. అది వేరే బాధ.

దూబగుంట_పక్కూరు
రాయి అన్నా, మీ పోస్టు చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు కదా, వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు పుస్తకాల్లో కూడా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ అందుకున్నాయి. ఆ గుంపులో మా అమ్మమ్మ ఒకతె. రోజంతా నాట్లు వేసి తెచ్చిన కూలి సాయంత్రానికి తాతయ్య చేతిలో సారా ప్యాకెట్ అయ్యేది. ఒకరోజు బియ్యానికి దాచిన డబ్బులూ పట్టుకెళ్లాడు. అమ్మమ్మ ఖాళీ చేట చేత్తో పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. కాసేపటికి పక్కింటావిడ తన చేట తెచ్చుకుని పక్కన కూర్చుంది. చీకటి పడేసరికి పదిమంది. 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం వచ్చింది.

ఆ చేట ఇంకా మా ఇంట్లో ఉంది, అంచు ఊడిపోయింది. ఈ సినిమాలో హీరో చేతిలో నాలుగు రకాల కత్తులున్నాయి, అట్టాంటి వస్తువు ఒక్కటీ లేదు.

ఒంగోలు_బాల్కనీ
తాళంచెవి ఉంది కదమ్మా.

కావలి_కుర్రోడు
😂😂

అల్లూరు_అక్క
మా వాడికి పన్నెండేళ్లు, తీసుకెళ్లొచ్చా? పోస్టర్ మీద యూఏ 16 ప్లస్ అని ఉంది.

ఒంగోలు_బాల్కనీ
వద్దక్కా. ఆ సిరప్పు సీను దగ్గర నేనే మొహం తిప్పుకున్నా.

వేదాయపాళెం_ఫ్యాన్
మీ అందరి కోసం ఇవాళ మార్నింగ్ షోకి మళ్లీ వెళ్లా. మొదటిసారి నేనూ పార్కింగ్‌లో ఇరుక్కుంటానని పేర్లు పడకముందే లేచొచ్చాను. ఈసారి చివరిదాకా కూర్చున్నా. పేర్లు పడ్డాక ఒక సీనుంది. హీరో మెట్లెక్కి పైకొస్తాడు. మెడలో దారం తెంపుతాడు. తాళంచెవిని క్లోజప్‌లో చూస్తాడు. మ్యూజిక్ పెరుగుతుంది.

పెన్నాగట్టు (నెల్లూరు)
చెప్పు తమ్ముడూ, ఆ పాప ఇంటిదా?

వేదాయపాళెం_ఫ్యాన్
కాదన్నా, హీరో సొంతింటిదే. తలుపు తీసుకుని లోపలికెళ్లి పడుకున్నాడు.