బ్యాటరీ తిరగేసి బిగిస్తే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోయినట్టేనా?

తెనాలి_పెట్రోల్:
మా 2012 పెట్రోల్ బండికి నిన్న కొత్త బ్యాటరీ వేయించాం. 38బి20ఎల్ రావాల్సిన చోట షాపు కుర్రాడు 38బి20ఆర్ తెచ్చాడు. సైజు ఒకటే, ప్లస్ మైనస్ మాత్రం అటూ ఇటూ. పాత బ్యాటరీకి ఏ వైరు ఏ వైపు ఉందో ఆ వైపే పెట్టాడు. మైనస్ క్లాంపు లావుపాటి ప్లస్ పోల్ మీదికి దిగనంటే స్పానర్‌తో కొట్టి మరీ దించాడు. టప్‌మని మెరిసింది. విప్పి సరిగ్గా పెట్టినా లైట్లు లేవు, హారన్ లేదు, సెల్ఫ్ లేదు. పక్క గ్యారేజీలో మల్టీమీటరైనా పెట్టకుండా ఈసీఎం పోయింది, మార్చాల్సిందే అంటున్నారు. నిజమేనా?

ఆటోనగర్_వైరింగ్:
మీటరు పెట్టకుండా ఆ మాట ఎవరూ అనకూడదండీ. బండి మొత్తం చచ్చిపోయిందంటే ముందు చూడాల్సింది మెయిన్ ఫ్యూజు. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోలోని డయోడ్లు కరెంటుని ఒక దిక్కుకే పంపుతాయి. బ్యాటరీ తిరగబడితే ఆ దిక్కు నేరుగా షార్ట్ దారి అయిపోతుంది, మెయిన్ ఫ్యూజు తెగుతుంది. అది తెగబట్టే మిగతావి బతుకుతాయి. చాలా బళ్లలో ఈసీఎంకి కరెంటిచ్చే మెయిన్ రిలే దగ్గరో, ఈసీఎం లోపలో తిరగబడ్డ కరెంటుకి అడ్డు ఉంటుంది. పైగా తాళం ఆఫ్‌లోనే ఉండి ఉంటుంది కదా.
మైనస్ విప్పి, బానెట్ కింద పెట్టెలోని పెద్ద ఫ్యూజుకి కంటిన్యుటీ (తెగిందో లేదో) మీటరుతో చూడండి. కొన్నిటికి బోల్టులుంటాయి, లాగారంటే పెట్టె విరుగుతుంది.

కూకట్‌పల్లి_స్కానర్:
ఈ సలహా సగమే అన్నా. డయోడ్లు షార్టయి ఉంటే కొత్త ఫ్యూజు పెట్టిన క్షణంలో అదీ పోతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫ్యూజు బదులు రాగి తీగ చుడతారు. బళ్లు తగలబడేది అక్కడే. ఇక కొత్త బీఎస్-6 బళ్లలో మైనస్ టెర్మినల్ మీదే సెన్సర్ ఉండేవి చాలా ఉన్నాయి. తాళం తీసినా కరెంటు అందే మాడ్యూళ్లు బోలెడు. అలాంటి బండిని ఇంటి దగ్గర కెలకకుండా టో చేయించడమే మంచిది.

ఆటోనగర్_వైరింగ్:
తీగ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఫ్యూజు పెట్టకముందే డైనమో వెనక లావు వైరు విప్పి, టేపు చుట్టి, ఆ బోల్టుకీ బాడీకీ మధ్య మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టాలి. ఒక వైపు రీడింగ్ రావాలి, ప్రోబులు తిప్పితే రాకూడదు. రెండు వైపులా బీప్ కొడితే డయోడ్లు పోయాయి.
టో చేయించడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ లోపాలు చదివే స్కానర్ కనెక్ట్ కాలేదని ఈసీఎం మీదికి తోసేస్తున్నారు, అదే నా బాధ. దాని ఫ్యూజు బాగుందా, దానికి 12 వోల్టులు అందుతున్నాయా, ఎర్త్ ఉందా? ఇవి తేలకుండా మార్చడం దోపిడీయే. స్క్రాపులో దొరికిన ఈసీఎం తెచ్చినా ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న బండిలో కోడింగ్ చేయకపోతే తాళాన్ని గుర్తుపట్టదు. డబ్బులు పోతాయి, బండి కదలదు.

నల్గొండ_ట్యాక్సీ:
ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి బ్రదర్. మామూలు పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కి కవరేజీ ఉండదు. ఖర్చు పెట్టాల్సింది షాపు వాళ్లే. బ్యాటరీ మీద ఆర్ అక్షరం కనపడేలా ఫొటో తీసి, బిల్లు దాచుకున్నాకే వెనక్కివ్వండి.

తెనాలి_పెట్రోల్:
ఫొటోలు తీశాను. మెయిన్ ఫ్యూజు 80 ఆంపియర్లది, మూత లోపల నల్లగా మాడింది, మీటరు పలకలేదు. డైనమోకి రెండు వైపులా బీప్. కొత్త ఫ్యూజు ఇంకా పెట్టలేదు. షాపు ఓనరు డైనమో ఖర్చు ఇస్తానన్నాడు, ఈసీఎం సంగతి నాకు తెలియదంటున్నాడు.

కూకట్‌పల్లి_స్కానర్:
ఫ్యూజు పెట్టకపోవడం మంచిదైంది. డైనమో మొత్తం అక్కర్లేదు, డయోడ్లుండే రెక్టిఫైయర్ ప్లేటు దొరికితే అదొక్కటే మార్పించండి. ఈసీఎం బాగుందని మాత్రం నేను ఇప్పుడే ఒప్పుకోను.

ఆటోనగర్_వైరింగ్:
ఒప్పుకోనక్కర్లేదు, బండి స్టార్టయితే తెలుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. ఇంజిన్ లైటో ఎయిర్‌బ్యాగ్ లైటో ఆరకపోతే అప్పుడు స్కానర్ పెట్టించండి. అదంతా తేలేదాకా షాపు వాళ్లతో లెక్క తేల్చుకుని సంతకం మాత్రం పెట్టకండి.