అర్జీలో ‘వేడుకొనుచున్నాను’ అని రాయడం మర్యాదేనా?

ప్రశ్న (పాలకొల్లు వాసి): విశ్రాంత ఉపాధ్యాయులైన మా నాన్నగారు తమ పింఛను బకాయిల గురించి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశారు. ఒక పుట నిండా ఇంటి కష్టాలు చెప్పి, చివర ‘తమరు దయతలచి వీలైతే వివరాలు ఇప్పించవలసిందిగా వేడుకొనుచున్నాను, ఇట్లు తమ విధేయుడు’ అని ముగించారు. ఇటువంటి మాటలు కేవలం ఆనవాయితీయా, లేక రాసేవారికే తమ హక్కు మీద నమ్మకాన్ని తగ్గిస్తాయా?

జవాబు (కరీంనగర్ పాఠకురాలు): తగ్గిస్తాయనే నా అభిప్రాయం. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కరలేదు. సెక్షన్ 7(1) ప్రకారం మామూలుగా 30 రోజుల్లోపు అధికారి జవాబివ్వాలి. అయితే వేడుకొన్న మనిషి గడువు దాటినా అప్పీలుకు వెళ్లడానికి జంకుతాడు, ఎందుకంటే దయ చూపనివారిని నిలదీయడానికి ఎవరికీ నోరు రాదు.

జవాబు (విశ్రాంత గుమస్తా): ‘విధేయుడు’ అన్న మాటను కార్యాలయంలో ఎవరూ పట్టించుకోరు, దాని మీద ఇంత చర్చ అనవసరం. అసలు నష్టం ‘వీలైతే’ దగ్గర ఉంది. అమెరికాలో మానవశాస్త్రవేత్త విలియం ఓబార్ బృందం 1970లలో ఉత్తర కరొలైనా కోర్టుల్లోని సాక్ష్యాలను పరిశీలించి, ఒకే సాక్ష్యాన్ని తటపటాయింపు మాటలతో ఒకసారి, సూటిగా ఒకసారి రికార్డు చేసి వినిపిస్తే, తటపటాయించిన సాక్షిని శ్రోతలు తక్కువగా నమ్మారు. మన కార్యాలయాల్లోనూ ‘ఏవైనా వివరాలుంటే’ అని అడిగినవారికి ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు వెళ్తుంది. ‘ఫలానా తేదీన పంపిన నా పింఛను ప్రతిపాదన ఇప్పుడు ఏ అధికారి వద్ద, ఎప్పటి నుంచి ఉన్నదో తెలిపే నోట్ ఫైలు ప్రతులు ఇవ్వండి’ అని రాస్తే అంత తేలికగా తప్పించుకోలేరు.

పాలకొల్లు వాసి: ఈ వాక్యం నాన్నగారికి నచ్చింది. కష్టాల పుట తీసేశారు కానీ, ‘విధేయుడు’ మాత్రం తీయనన్నారు.

జవాబు (కరీంనగర్ పాఠకురాలు): ఉంచనివ్వండి, ఆయన తరం మర్యాద అది. దరఖాస్తు అందినట్లు తేదీతో రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే, గడువు ముగిసిన 30 రోజుల్లోపు పై అధికారికి సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేయవచ్చు. ఆ అప్పీలులో ‘తమకు శ్రమ కలిగిస్తున్నందుకు మన్నించగలరు’ అన్న వాక్యం మాత్రం రానివ్వకండి. ఆలస్యం చేసింది కార్యాలయం, మీ నాన్నగారు కాదు.