ఆగస్టు 15 ఆదివారం వస్తే సోమవారం సెలవు ఇవ్వాలా?

తిరుచానూరు టీచర్:
2025లో జనవరి 26 ఆదివారం వచ్చింది. అక్టోబరు 2న గాంధీ జయంతి, విజయదశమి కలిసిపోయాయి. 2027లో ఆగస్టు 15 మళ్లీ ఆదివారమే. ఆదివారమైనా జెండా వందనానికి పిల్లలూ మేమూ బడికి పోవాల్సిందే కదా. బ్రిటన్, జపాన్‌లలో ఆదివారం పడిన సెలవుకు బదులు ఇంకో రోజు ఇస్తారు. మనకెందుకు ఇవ్వరు?

చిత్తూరు బ్యాంకు ఉద్యోగి:
వద్దండీ. రెండో, నాలుగో శనివారాలు మాకు ఎలాగూ సెలవే. దానికి తోడు సోమవారం కూడా మూసేస్తే కౌంటర్ దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు, రైతులు ఇబ్బంది పడతారు.

లాడ్జి రిసెప్షన్, తిరుపతి:
మేడమ్, సార్, మీ ఇద్దరికీ సెలవు అంటే తలుపు మూసే రోజు. మాకు అది రద్దీ రోజు. వరసగా మూడు రోజులు సెలవులొస్తే చాలు, అలిపిరి దగ్గర బండ్లు బారులు తీరతాయి, స్టేషన్ ఎదురు లాడ్జిల్లో గది దొరకదు. ఒకరు ఖాళీ చేసేలోపే ఇంకో కుటుంబం సామాన్లతో వరండాలో కూర్చుని ఉంటుంది. రూమ్ బాయ్ పొద్దున జెండా దగ్గర చాక్లెట్ తీసుకుని జేబులో వేసుకుంటాడు, దాన్ని తినే తీరిక కూడా ఉండదు. దుప్పట్లు మార్చాలి, బాత్‌రూమ్ కడగాలి, మళ్లీ పై అంతస్తుకు పరిగెత్తాలి.

అలాంటి వాళ్ల కోసం చట్టం ఎప్పుడో వచ్చింది. 1974లో మన రాష్ట్రం చేసిన జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం, సెలవు రోజు పని చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలితో పాటు వేరే రోజు సెలవివ్వాలి. నేను పనిచేసిన ఏ లాడ్జిలోనూ ఇది అమలు కాలేదు. అడిగితే, 'ఇష్టం లేకపోతే మానేయ్' అన్నారు.

తిరుచానూరు టీచర్:
అయితే సోమవారం సెలవు వద్దంటారా?

లాడ్జి రిసెప్షన్, తిరుపతి:
వద్దనడం లేదు మేడమ్. మీరు ఆదివారం బడికి వెళ్తున్నారు కాబట్టి మీరు అడిగేది న్యాయమే. కానీ ఆ సోమవారం వస్తే మావాళ్లకు ఇంకో రోజు చాకిరీ పెరుగుతుంది. దీని కోసం మీ టీచర్ల సంఘం తరఫున అర్జీ పెడితే, రద్దీ రోజుల్లో లాడ్జిలు, హోటళ్ల హాజరు పుస్తకాలు, జీతాల రిజిస్టర్లు కార్మిక శాఖ తనిఖీ చేయాలని అందులో ఒక్క వాక్యం చేర్చండి. మేం అడిగితే ఉద్యోగం పోతుంది, మీరు అడిగితే పోదు.